వీడ్కోలు పాట

అమెరికా పల్లెసీమల ‘కంట్రీ’ సంగీతానికి నాష్‌విల్ నగరం రాజధాని. గాయని డాలీ పార్టన్ 1967 నుండి అక్కడ పోర్టర్ వాగనర్ టెలివిజన్ కార్యక్రమంలో పాడుతూ వచ్చింది. ఆమె విడిపోదలచినప్పుడు అతడు సమ్మతించలేదు. వాదనలు ఫలించక, 1973లో ఒక పాట వ్రాసి అతనికి వినిపించింది: ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. వాగనర్ కంటతడిపెట్టి అంగీకరించాడట. ప్రియునికి వీడ్కోలని లోకం తలచిన ఆ గీతం, నిజానికి గురుతుల్యుని వద్ద పుచ్చుకొన్న సెలవు. 1974లో అది కంట్రీ పాటల పట్టికలో ప్రథమస్థానం పొందింది.

ఎల్విస్ ప్రెస్లీ దానిని పాడగోరాడు. అయితే ప్రచురణ హక్కులలో సగం తమకు వ్రాసి ఇవ్వాలని అతని మేనేజరు కర్నల్ పార్కర్ పట్టుబట్టాడు. ఎల్విస్ కంఠాన తన పాట! ఏ రచయిత కాదనగలడు? డాలీ కాదన్నది, ఆ రాత్రంతా విలపించింది.

1992లో ‘ది బాడీగార్డ్’ చిత్రానికై విట్నీ హ్యూస్టన్ పాడగా, అదే పాట అమెరికాలో 14 వారాలు అగ్రస్థానాన నిలిచింది. హక్కులు అప్పటికీ డాలీ చేతిలోనే ఉన్నవి.