కోట్ల డిగ్రీల వేడిలో దిక్సూచి పెట్టేదెలా?

చుండూరు స్టేషన్‌లో తెనాలి వైపు వెళ్లే రైలు కోసం ఎదురుచూస్తున్నారా? ఫోన్‌లో కంపాస్ యాప్ తెరవండి. కొన్ని యాప్‌లు ఉత్తరం ఎటో చెప్పడంతో పాటు ఒక అంకె కూడా చూపిస్తాయి. సుమారు 40 మైక్రోటెస్లా. అది భూమి అయస్కాంత క్షేత్రం బలం. బియ్యపు గింజంత కూడా లేని చిప్పు దాన్ని కొలిచేస్తోంది. దగ్గర్లో పెద్ద ఇనుప వస్తువు ఉంటే ఆ అంకె ఊగిపోతుంది, నమ్మొద్దు!

ఇప్పుడు ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ సంగతి చూద్దాం. హైడ్రోజన్‌ని 15 కోట్ల డిగ్రీలకు వేడెక్కించి, సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించాలన్నది ప్రయత్నం. అంత వేడిని ఏ గోడా ఆపలేదు. అయస్కాంత క్షేత్రమే గిన్నెలా పట్టి ఉంచాలి. దాని బలం మధ్యలో 5.3 టెస్లా, అంటే మీ ఫోన్ చూపించినదానికి లక్ష రెట్లు పైమాటే. ఈ యంత్రాన్ని చుట్టి ఉండే భారీ స్టీలు పాత్ర మన దేశం నుంచే వెళ్లింది. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో ఇలాంటి చిన్న యంత్రం 'ఆదిత్య' 1989లోనే మొదలైంది.

బయటి కాయిల్స్ ఇచ్చే క్షేత్రం ఎంతో ముందే తెలుసు. చిక్కంతా ప్లాస్మాతోనే. ఐటర్‌లో దాని గుండా 1.5 కోట్ల ఆంపియర్ల కరెంటు పోతుంది. ఆ కరెంటు సొంత క్షేత్రాన్ని పుట్టించి, మొత్తం గీతల్ని తాడు పేనినట్టు మెలిపెడుతుంది. కరెంటు మధ్యలో ఎక్కువుందా, అంచున ఎక్కువుందా అన్నదాన్ని బట్టి పురి మారుతుంది. పురి తేడా వస్తే ప్లాస్మా మొత్తం క్షణంలో కూలి గోడలకు తగలొచ్చు.

మరి లోపల చిప్పు పెడదామంటే? ఆవిరైపోతుంది. అందుకే గది చుట్టూ తీగచుట్టలు బిగించి బయటి నుంచే కొలుస్తారు. పుచ్చకాయ తట్టి లోపల ఎలా ఉందో చెప్పడం లాంటిదే ఇది. ఆ కొలతల నుంచి లోపలి రూపాన్ని లెక్కగట్టే ఈఫిట్ అనే ప్రోగ్రామ్ గురించి అమెరికాలో లాంగ్ లావ్ బృందం 1985లో ప్రచురించింది. అంచు ఆకారం బాగానే తేలుతుంది. నడిమధ్య మాత్రం అనుమానమే. లోపల కరెంటు రకరకాలుగా ఉన్నా బయట దాదాపు ఒకే రీడింగ్ రావచ్చు మరి!

దాంతో కాంతిని లోపలికి పంపారు. అయస్కాంత క్షేత్రం వెంట వెళ్లే కాంతి కంపించే దిశ కొద్దిగా తిరుగుతుందని ఫారడే 1845లోనే గాజులో చూశాడు. ప్లాస్మాలోనూ అంతే. లేజర్ పంపి, ఎంత తిరిగిందో కొలుస్తారు. ఇంకో పద్ధతిలో వేగంగా పోయే హైడ్రోజన్ పరమాణువుల్ని లోపలికి దూస్తారు. అవి వెలిగించే కాంతి ఏ దిశలో కంపిస్తోందో చూస్తే అక్కడి క్షేత్రం ఎటు వంగి ఉందో తెలుస్తుంది. దీన్ని ప్రిన్స్‌టన్‌లో పీబీఎక్స్-ఎం యంత్రంపై లెవింటన్ బృందం 1989లో చేసి చూపింది.

అసలు మలుపు ఇక్కడే. ప్లాస్మా మధ్య వేడి మెల్లగా పెరిగి, ఠక్కున పడి, మళ్లీ పెరుగుతూ ఉంటుంది. గ్రాఫ్ గీస్తే రంపం పళ్లే. పడిన ప్రతిసారీ మధ్యలోని క్షేత్రం సర్దుకుని, మెలికను చెప్పే అంకె తిరిగి 1కి వస్తుందని సోవియట్ శాస్త్రవేత్త కాదోమ్‌త్సెవ్ 1975లో చెప్పాడు. చక్కని వాదన. కానీ 1980లలో జర్మనీలోని టెక్స్టర్‌లో సోల్ట్‌విష్ లేజర్‌తో కొలిస్తే, వేడి పడ్డాక కూడా ఆ అంకె 1 కంటే బాగా కిందే ఉంది! ఇంకొన్ని యంత్రాల్లో మాత్రం 1 దగ్గరికే వచ్చింది. ఎవరి కొలత సరైనది? ఈ తగాదా చాలాకాలం నడిచింది.

ఐటర్‌లో ఇంకో తలనొప్పి. ఆ కాంతిని బయటికి తెచ్చే మొదటి అద్దం ప్లాస్మాకి ఎదురుగానే ఉండాలి. గోడల నుంచి లేచిన పదార్థం దానిపై పొరలా పేరుకుంటే కాంతి కంపించే దిశే మారిపోతుంది. ఇక్కడ చూడాల్సిన తేడా ఒక డిగ్రీలో పదో వంతు స్థాయిలో ఉంటుంది.