పాత కారు గేరులో గుంట: సానపట్టాలా, మార్చాలా?

తుప్పు తిన్న గుంట వేరు, లోహం అలసిపోయి ఊడిన గుంట వేరు. ఆ తేడా తెలియకుండా మెరుగుపెడితే భాగం మెరుస్తుంది, బలం మాత్రం పోతుంది.

ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన అంబాసిడర్ కారును మళ్లీ రోడ్డెక్కించాలంటే ఇంజిన్ ఒక్కటే బాగుంటే చాలదు. ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిళ్లు కూడా సక్రమంగా ఉండాలి. వాటిని విప్పినప్పుడు తరచూ కనిపించేవి ఉపరితలంపై చిన్న చిన్న గుంటలు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అంతకంటే పాత మోడళ్లకు విడిభాగాలు దొరకడం మరీ కష్టం. అందుకే ఉన్నదాన్నే సానపట్టి వాడుకోవాలన్న ఆలోచన సహజంగా వస్తుంది.

జంషెడ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన చోటు ఉంది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థతో పెరిగిన ఈ నగరంలోనే 1954లో డైమ్లర్-బెంజ్ సహకారంతో టెల్కో ట్రక్కుల తయారీ మొదలైంది. లోహ భాగాలు ఎందుకు విరుగుతాయో పరిశోధించే జాతీయ లోహశోధన ప్రయోగశాల 1950 నవంబరు 26న ఇక్కడే ప్రారంభమైంది. ఖర్కాయి నదికి అవతల ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో వాహన విడిభాగాల యూనిట్లు ఉన్నాయి. లేత్‌లు, గ్రైండింగ్ యంత్రాలు అందుబాటులో ఉండే ఇలాంటి ఊళ్లో గుంటను చెరిపేయడం పెద్ద పని కాదు. చెరిపేయవచ్చా లేదా అన్నదే అసలు ప్రశ్న.

రెండు రకాల గుంటలు

మొదటి రకం తుప్పు వల్ల వచ్చేది. కారు కదలకుండా ఉంటే గేర్‌బాక్స్ అడుగున నూనెలో మునిగిన భాగం భద్రంగా ఉంటుంది. నూనెకు పైనున్న పళ్ల మీద వానాకాలపు తేమ చేరుతుంది. నీరు, ఆక్సిజన్ కలిసి ఇనుమును తినేస్తాయి. ఈ గుంటలు ఒక వరుసలో ఉండవు. ఒకదానితో ఒకటి రాసుకోని భాగాల మీద కూడా కనిపిస్తాయి.

రెండో రకం కారు బాగా తిరిగినందువల్ల వచ్చేది. రెండు గేరు పళ్లు తాకే చోటు చాలా సన్నని పట్టీ. బరువంతా దాని మీదే పడుతుంది. ఇలా తాకే వస్తువుల మధ్య ఒత్తిడిని 1880ల మొదట్లో లెక్కగట్టినవాడు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్రిచ్ హెర్ట్జ్. తర్వాత రేడియో తరంగాలను నిరూపించినదీ ఆయనే. ఆ సిద్ధాంతం ప్రకారం, దొర్లే భాగాల్లో లోహపు పొరలను ఒకదానిపై ఒకటి జరిపే కోత ఒత్తిడి గరిష్ఠంగా ఉండేది ఉపరితలం మీద కాదు, దానికి కాస్త లోపల. లక్షల సార్లు ఆ ఒత్తిడి పడితే లోపల గానీ ఉపరితలంలోని చిన్న లోపం దగ్గర గానీ సన్నని పగులు పుడుతుంది. అది పాకి చివరికి ఒక చిన్న ముక్క ఊడిపోతుంది. ఈ గుంటలు పళ్లు ఒకదానికొకటి తాకే పట్టీలోనే వస్తాయి. ఇక్కడ కంటికి కనిపించే గుంట కంటే దాని కింద మిగిలిన పగులే ప్రమాదకరం.

గట్టిపొర ఎంత మందం?

కారు గేర్లను సాధారణంగా తక్కువ కార్బన్ ఉన్న ఉక్కుతో చేస్తారు. సుమారు 900 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ వద్ద పైపొరలోకి కార్బన్‌ను చొప్పించి, వేగంగా చల్లబరుస్తారు. దాంతో బయట గట్టిదనం, లోపల దెబ్బకు తట్టుకునే గుణం వస్తాయి. ఆ గట్టిపొర మందం చాలా గేర్లలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే.

పొర ఒక మిల్లీమీటరు, గుంట లోతు 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం. గుంట పోయేదాకా సానపడితే దాదాపు మూడో వంతు పొర పోయినట్టే. పంటి వంపు మారి గేరు రొద చేస్తుంది, పళ్ల మధ్య సందు పెరుగుతుంది. గ్రైండింగ్ వేడికి మిగిలిన పొర మెత్తబడవచ్చు, పగుళ్లూ రావచ్చు. వెల్డింగ్‌తో నింపినా అంతే. ఎక్కువ కార్బన్ ఉన్న ఆ పొర వేడికి, చల్లదనానికి పెళుసుబారి పగులుతుంది.

ఆమ్లంతో తుప్పు వదిలించడంలో మరో ముప్పు ఉంది. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ పరమాణువులు గట్టి ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుగా మారుస్తాయి. భాగం కొన్ని గంటలకో రోజులకో హఠాత్తుగా విరగవచ్చు. హైడ్రోజన్‌ను వెళ్లగొట్టడానికి సాధారణంగా 190 నుంచి 220 డిగ్రీల వద్ద గంటల తరబడి వేడి చేస్తారు. కానీ చాలా గేర్లను తయారీలో చివరగా 150 నుంచి 200 డిగ్రీల వద్దే టెంపరింగ్ చేసి ఉంటారు. అంతకు మించిన వేడి తగిలితే గట్టిదనం తగ్గుతుంది.

ఎక్కడ బాగుచేయవచ్చు?

ఆయిల్ సీల్ ఆనే షాఫ్ట్ భాగం సంగతి వేరు. అక్కడ పెద్ద బరువు పడదు, కావలసింది నునుపు. సీల్ కింద షాఫ్ట్ సగటు గరుకుదనం సుమారు 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలి. తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. కాబట్టి కంటికి కనిపించే గుంట ఏదైనా నూనెకు దారి ఇస్తుంది. దీనికి తేలికైన మార్గం గుంటను ఎపాక్సీతో నింపి, పావు మిల్లీమీటరు మందమున్న స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగును దాని మీదకు ఎక్కించడం. గట్టి క్రోమియం పూత వేసి మళ్లీ గ్రైండింగ్ చేయడం మరో పద్ధతి. అయితే ఆ పూత ద్రావణాల్లోని షట్సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. ఆ పని రక్షణ ఏర్పాట్లున్న కర్మాగారంలోనే జరగాలి. ఏ పద్ధతిలోనైనా షాఫ్ట్ మీద మరచుట్టులాంటి గీతలు మిగలకూడదు. షాఫ్ట్ తిరుగుతుంటే అవే నూనెను బయటికి తోడేస్తాయి.

బేరింగుల్లో గుంట కనిపిస్తే మార్చడమే మంచిది. వాటిలో చాలావరకు ప్రామాణిక కొలతలవే కాబట్టి దొరుకుతాయి. డిఫరెన్షియల్‌లోని క్రౌన్ వీల్, పినియన్ జంటగా అమర్చినవి. ఒకటి పాడైతే రెండూ మార్చాలి. గేరు పంటిపై పైపై తుప్పు మరకలే ఉంటే నూనెతో, మెత్తని రాపిడితో శుభ్రం చేసి వాడుకోవచ్చు. తాకే పట్టీలో గుంటలుంటే మాత్రం సానకు పంపకూడదు.

నిర్ణయానికి ముందు పగులు ఉందో లేదో చూడటం అవసరం. రంగు ద్రవాన్ని పూసి, తుడిచి, పైన తెల్లటి పొడి చల్లితే ఉపరితలానికి చేరిన పగులు గీతలా బయటపడుతుంది. అయస్కాంత కణాల పరీక్షలో ఉపరితలానికి కాస్త కింద ఉన్నవీ తెలుస్తాయి.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. పాత భాగాలను కాపాడుకోవాలన్న కోరికకు ఇదీ ఒక కారణమే. కానీ నడుస్తున్న కారులో గేరు పన్ను విరిగి డిఫరెన్షియల్‌లో ఇరుక్కుంటే వెనుక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోతాయి. పనికిరాని అసలు గేరును గుర్తుగా అలమారలో దాచుకుని, రోడ్డు మీదికి కొత్తదాన్నే పంపడం మంచిది.