కాలువ రాకముందు మన దాచేపల్లి

మన దాచేపల్లి చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా మిరప, పత్తి చేలే కదా. ఒకప్పుడు ఇదంతా వాన మీద బతికే మెట్ట. జొన్న, సజ్జ వేసేవాళ్లు, బీళ్లలో గొర్రెలు మేసేవి.

1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. పల్నాడుకి వచ్చింది కుడి కాలువ.

నీళ్లతో పాటు లెక్క కూడా మారింది. జొన్నకి ఇంటి విత్తనమే, పండింది ఇంట్లో తిండికే. మిరపకి అలా కాదు. విత్తనం, మందులు, కోత కూలి, అన్నీ డబ్బే. చాలామందికి ఆ డబ్బు అప్పే. తాతలు వాన కోసం ఆకాశం చూస్తే, మనవళ్లు ఫోన్‌లో గుంటూరు యార్డు రేటు చూస్తున్నారు. కౌలు రైతుకైతే రేటు పడిపోయినా కౌలు తగ్గదు.

గొర్రెలంటారా? బీళ్లు తగ్గిపోయాయి, ఇప్పుడు పత్తి తీసేసిన చేలలో మేస్తున్నాయి.