టైర్లలో సగం గాలి తీసేయండి!

మొహావీ ఎడారి అంచున తెల్లవారుజాము. నవంబరు ఆఖరి వారం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మైదానం నిండా మోటార్‌సైకిళ్లు. హెడ్‌లైట్ల వెలుగులో ఒక్కొక్కరే చక్రం పక్కన గొంతుక్కూర్చుని వాల్వు నొక్కుతున్నారు. ఆ మూల ఒక బుస్సు, ఈ మూల ఒక బుస్సు. దూరాభారం వెళ్లేవాళ్లు టైర్లలో గాలి నింపుకుంటారు గానీ ఉన్నది తీసేసుకోవడమేమిటని మొదటిసారి చూసినప్పుడు నాకు అర్థం కాలేదు.

తారు రోడ్డు మీద ముప్ఫై పౌండ్ల దాకా ఉండే గాలిని మట్టిబాట కోసం పదిహేను, పదహారుకు దించుతారు. బిగిసి ఉన్న టైరు రాయి తగలగానే ఎగిరి పక్కకు జారుతుంది. మెత్తబడిన టైరు అదే రాయిని గుప్పిట్లో పట్టినట్టు పట్టి దాటుతుంది. ఇసుకలోనైతే ఒంటె పాదంలా పరుచుకుంటుంది. మరీ తగ్గిస్తే మాత్రం రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి చిల్లులు పడతాయి. ఎంత తీయాలన్నది మనిషి బరువునూ బండినీ దారినీ బట్టి ఉంటుంది. ఎదుటివాడి పొగరు దించడాన్ని మనం గాలి తీయడం అంటాం. ఎడారి ఈ రెండు రోజుల ప్రయాణంలో నాకు ఆ పని కూడా చేసింది. చిన్నబుచ్చి కాదు, ఆడించి చేసింది.

ఈ ప్రయాణం పేరు లాస్ ఏంజిలస్–బార్‌స్టో టు వేగస్. అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ వారి డిస్ట్రిక్ట్ 37, అంటే దక్షిణ కాలిఫోర్నియా శాఖ, 1980ల నుంచి జరుపుతోంది. గురువారం థాంక్స్‌గివింగ్ పండగ, శుక్ర, శనివారాలు ప్రయాణం. మొదటి రాత్రి మజిలీ బార్‌స్టోలో, రెండో సాయంత్రానికి లాస్ వేగస్. లాస్ ఏంజిలస్ చుట్టుపక్కల కాపురముండే తెలుగువాళ్లకు బార్‌స్టో బాగా తెలిసిన ఊరే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వేగస్ చూపించడానికి కారులో తీసుకెళ్తూ కాఫీకి ఆగే చోటు అది. పదిహేనో నంబరు ఫ్రీవే మీద నాలుగైదు గంటల్లో అయిపోయే ప్రయాణానికి రెండు పగళ్లు పెట్టి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని చేరడానికి వందల మంది ముందుగా డబ్బు కట్టి పేర్లు నమోదు చేసుకుంటారు.

వాళ్లు నడిపే బళ్లను డ్యూయల్ స్పోర్ట్ అంటారు. నంబరు ప్లేటు, ఇండికేటర్లు, అద్దాలు, హారను అన్నీ ఉంటాయి, పోలీసు ఆపితే చూపించడానికి కాగితాలూ ఉంటాయి. అదే బండి గుబ్బల టైర్లతో, పొడవాటి షాక్ అబ్జార్బర్లతో రాళ్లవాగులోకి కూడా దిగుతుంది. అచ్చంగా పందేలకు చేసిన డర్ట్ బైకును ట్రక్కులో వేసుకెళ్లి గిరిగీసిన చోట తిప్పుకోవాలి. డ్యూయల్ స్పోర్ట్ బండైతే ఇంటి గుమ్మం ముందు స్టార్టు చేసి, పెట్రోలు బంకులో ఆగి, తారు అయిపోయిన చోట ఆగకుండా ముందుకే పోవచ్చు. 1968లో యమహా తెచ్చిన డిటి-1 ఈ సరదాను సామాన్యుడి దాకా తెచ్చింది. అంతకు ముందు బరువైన రోడ్డు బళ్లకు మడ్‌గార్డులు కోసి, హ్యాండిల్ మార్చి ఎవరి తంటాలు వాళ్లు పడేవారు. నాది సుజుకీ డిఆర్-జెడ్ 400. నూట నలభై అయిదు కిలోల దగ్గర బరువు, సీటు ఎత్తు 935 మిల్లీమీటర్లు. నా ఎత్తుకు మునివేళ్లే నేలకు ఆనతాయి. అందుకే ఆగబోయే ప్రతిసారీ కాలు పెట్టడానికి ఏ రాయి అందుతుందో ముందే చూసుకోవాలి. ఆ వెతుకులాట నాకు ఇష్టం. నేలను అంత శ్రద్ధగా నేను ఇంకెప్పుడూ చూడను.

ఇది పందెం కాదు. ఇక్కడికి రావడానికి నాకున్న కారణం అదే. అయితే పుట్టింది మాత్రం పందెంలోంచే. 1967లో బార్‌స్టో నుంచి వేగస్‌కు ఎడారి పందెం మొదలైంది. దూరాన కొండ మొదట్లో పొగ పెడతారు, బళ్లన్నీ ఒకే వరుసలో నిలబడతాయి, జెండా ఊపగానే దారీ తెన్నూ లేని ఎడారిలోకి ఆ పొగ గుర్తుగా దూసుకుపోతాయి. 1974 నాటికి పందెగాళ్లు మూడు వేలు దాటారు. అన్ని చక్రాలు ఒక్కసారిగా తొక్కితే ఎడారి ఏమవుతుంది? పైకి బంజరులా కనిపించే ఆ నేల మీద, పలచటి పెచ్చులాంటి సజీవమైన పొర ఒకటి ఉంటుంది. గాలికి మట్టి ఎగిరిపోకుండా కాచేది అదే. ఒకసారి చితికితే మళ్లీ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. భూములను చూసుకునే ఫెడరల్ శాఖ 1975 నుంచి అనుమతి ఆపేసింది. రైడర్లు కోపగించి ‘ఫాంటమ్ డక్’ అనే మాయబాతు పేరుతో ఏటా అదే వారాంతంలో నిరసనగా బళ్లు తోలారు. 1983లో పందెం తిరిగి వచ్చింది. 1989తో మళ్లీ ఆగింది. మరుసటి ఏడు ఎడారి తాబేలును ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించారు.

ఆ తాబేలు బతుకులో ఎక్కువ భాగం బొరియలోనే గడుపుతుంది. చలికాలమంతా లోపలే నిద్ర. దాని ఇంటి కప్పు మీదుగా మనం వెళ్తున్నామన్న సంగతి మనకు తెలియదు, దానికి తెలుస్తుంది. పందెం పోయింది గానీ, అప్పటికే ఉన్న బాటలనూ గనుల దారులనూ దాటకుండా, అడ్డదారి తొక్కకుండా, ఎవరి తీరున వాళ్లు నిదానంగా పోయే ఈ ప్రయాణం నిలిచింది. పందెం కోసం కొట్లాడిన పాత రైడర్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా నిలవాల్సినదే నిలిచిందని నా నమ్మకం.

దారి చెప్పడానికి ఒకప్పుడు కాగితపు చుట్ట ఒక్కటే ఉండేది, రోల్ చార్టు. పసుపు పూసిన అంచులు లేవన్న మాటే గానీ, చూడటానికి అచ్చం మన పాతకాలపు జాతకం చుట్టే. హ్యాండిల్ మీద చిన్న పెట్టెలో ఉంటుంది. ఎడమచేతి వేళ్లతో మర తిప్పుతుంటే ఒక్కో వరుసా పైకి వస్తుంది: ఇన్ని మైళ్లకు కుడి, ఇన్ని మైళ్లకు రైలు పట్టాలు, ఇక్కడ ఇసుక, జాగ్రత్త. ఇప్పుడు ఎక్కువమంది జీపీఎస్‌ని నమ్ముకుంటున్నారు. చుట్టతో పోయేటప్పుడు కళ్లూ లెక్కా రెండూ పనిచేయాలి. మలుపు తప్పితే మీటరు చూసుకుని వెనక్కి రావాలి. అలా దారి తప్పిన ఇద్దరు ముగ్గురు ఒకే జాషువా చెట్టు కింద కలుసుకుని చుట్టలు పోల్చి చూసుకోవడంలో ఉన్న స్నేహం, తెర మీద గీత చూస్తూ పోతే దొరకదు.

బార్‌స్టో దాటాక నాకు ఇసుక వాగు ఎదురైంది. వానొస్తే గంటసేపు పారి మిగతా ఏడాదంతా ఎండి ఉండే వాగు. ఇసుకలో భయపడితే చెయ్యి దానంతటదే యాక్సిలరేటర్ తగ్గిస్తుంది. తగ్గించగానే బరువు ముందుకొచ్చి, ముందుచక్రం నాగలి కర్రులా దిగబడుతుంది. చేయవలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడాలి, మోకాళ్లతో ట్యాంకును ఒత్తి పట్టాలి, ఒళ్లు వెనక్కి జరిపి, చూపు దూరాన పెట్టి, ఇంజిన్‌కు ఇంకాస్త ఇవ్వాలి. బండి పాములా ఊగుతుంది. ఊగనివ్వాలి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే అది మనతో పోట్లాడుతుంది. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. అయినా యాక్సిలరేటర్ తగ్గించాను, పడ్డాను.

కాలు బండి కింద ఇరుక్కోలేదు, హెల్మెట్ నిండా ఇసుక. లేచి దులుపుకునేలోగా ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన తన బండి ఆపి, వెనకచక్రం దగ్గర వంగి నిలబడ్డాడు. ఇద్దరం కలిసి లేపాం. క్లచ్ లీవరు వంగిందేమో చూశాడు, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. పేరు కూడా అడగలేదు. నలభై నిమిషాల తర్వాత గుట్ట ఎక్కే మలుపులో ఆయన బండి పక్కకు ఒరిగి ఉంది. ఈసారి వెనకచక్రం దగ్గర నేను వంగాను.

గడియారంతో పోటీ ఉంటే ఆయన ఆగేవాడా? ఆగేవాడేమో, మంచివాడు. కానీ ఆగడం వల్ల ఆయనకేదో నష్టం జరిగేది. ఇక్కడ ఆగినందుకు పోయేదేమీ లేదు. చిన్న క్లబ్బుల ప్రయాణాల్లో ఈ ఆగడాన్నే పద్ధతిగా పెట్టుకుంటారు. మలుపు రాగానే ముందు నడిచేవాడి వెనకున్న మనిషి అక్కడ నిలబడి, వచ్చేవాళ్లందరికీ చెయ్యి చూపిస్తాడు, ఆఖరి మనిషి దాటాక తను కదులుతాడు. మరో మలుపులో మరొకరు. అలా సాయంత్రానికల్లా ప్రతివాళ్లూ ఒకసారి దారిచూపే కంబం అవుతారు. ఇరుకు బాటలో ఎదురుపడినవాళ్లు తమ వెనక ఇంకెంతమంది వస్తున్నారో వేళ్లతో చూపిస్తారు. మూడు వేళ్లంటే ఇంకా ముగ్గురు. వెనకేమీ లేకపోతే పిడికిలి.

మాది గోదావరి పక్క ఊరు. చేలోకి వెళ్లే దారిని పుంత అంటాం. శ్రావణమాసంలో ఆ పుంతలో నాన్నగారి రాజ్‌దూత్ వెనక కూర్చుని వెళ్లేవాణ్ణి. నల్లరేగడి మడ్‌గార్డులో మెత్తుకుపోయి చక్రం తిరగడం మానేస్తే దిగి, కర్రపుల్లతో గీరి, తోసి, మళ్లీ ఎక్కేవాళ్లం. పొలం చేరేసరికి ఇద్దరి పంచెలూ నిక్కర్లూ ఒకే రంగు. నాన్నగారికి అది రోజువారీ పని. నాకు అప్పుడే అది పండగ. మొహావీలో పడి లేచాక పళ్ల మధ్య ఇసుక కరకరలాడుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ పుంతే.

ఇప్పుడు మన దగ్గరా ఆ బళ్లొచ్చాయి. 2011లో హీరో ఇంపల్స్ కాస్త ముందే వచ్చి నిలదొక్కుకోలేదు. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక, జీతం మీద బతికే కుర్రాళ్లకు కూడా మట్టిదారి అందుబాటులోకి వచ్చింది. 2015లో సి.ఎస్. సంతోష్ డాకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. హైదరాబాద్ కుర్రాళ్లు ఆదివారం పొద్దున్నే వికారాబాద్ వైపు వెళ్తున్నారు. వాళ్లను చూస్తే సంతోషం, కొంచెం బెంగ కూడా. నల్లమల లోపలి బాటలు ఎంత ఊరించినా అది పులి ఇల్లు, అక్కడ మన చక్రానికి పని లేదు. సైలెన్సర్ తీసేసి పల్లె మధ్యలోంచి మోత మోగిస్తూ పోయే ఒక్కడి వల్ల తర్వాత వచ్చే పదిమందికీ ఆ ఊళ్లో దారి మూసుకుపోతుంది. చేను దున్ని ఉంటే గట్టు దిగకూడదు. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉంటే ఇంజిన్ ఆపి నడిపించుకుపోవాలి. రైతు కనిపిస్తే హెల్మెట్ తీసి పలకరించాలి. ఆయన బాటే కదా మనం తొక్కుతున్నది.

నవంబరు చివర్లో వేగస్‌లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. నేను పార్కింగు చేరేసరికి కొండల మీద ఎరుపు మిగిలి ఉంది. ముందే వచ్చినవాళ్లు ఎవరూ గదులకు పోలేదు. బూట్లు విప్పి, పేవ్‌మెంటు మీద కూర్చుని, దుమ్ము కొట్టిన మొహాల్లో కళ్లద్దాల మేర తెల్లటి వలయాలతో ఒకరికొకరు తమ ఇసుక కథలు చెప్పుకుంటున్నారు. పక్కనే ఊరంతా దీపాలు వెలిగించుకుంటుంటే వీళ్లెవరూ అటు తిరిగి చూడటం లేదు. ప్రయాణం చివర్లో స్వీప్ రైడర్లు ఉంటారు, అందరికంటే వెనక నడుస్తూ చెడిపోయిన బండినీ అలసిన మనిషినీ వెంటబెట్టుకొచ్చేవాళ్లు. నన్ను ఇసుకలో లేపిన పెద్దాయన ఇంకా చేరలేదు. రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాను. చీకట్లో ఒక హెడ్‌లైటు, దాని వెనక ఇంకొకటి, కాస్త ఎడంగా, తడబడుతూ మూడోది. ఆయన ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తాడు.

పిడికిలి.