నమూనా విమానములు – వాని జమాఖర్చు

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి తనయొద్ద గల ధనమును లెక్క చూచుకొనవలయునను సువార్త యుపమానము మన పాఠశాలలో చదువువా రెల్లరును వినినదే. ఆ నీతి గోపురములకే గాక వినోదములకును వర్తించును. రేడియో సహాయమున నేలమీదనుండి నడుపబడు చిన్న విమానములయందు ఇప్పుడు బాలురకు అభిరుచి మెండుగా కలుగుచున్నది. సైన్సు ప్రదర్శనములయందు అవి గిరగిర తిరిగి నేలకు దిగుట చూచిన ప్రతి బాలుడును తనకు నొకటి కావలెనని కోరుట సహజము. కాని అంగడివాడు చెప్పు వెల వేరు; ఆ వినోదముయొక్క నిజమైన వెల వేరు. ఈ రెంటికిని గల భేదము తెలియక, ఇంటివారి కష్టార్జితమును వెచ్చించి కొన్న సామగ్రిని రెండు నెలలలో మూలబెట్టినవారు పెక్కండ్రు. కావున ఈ వ్యయము ఏ యే ద్వారముల పోవునో వివరింప యత్నించెదను.

ఈ వినోదము పెద్ద విమానములకంటె పూర్వమైనది. 1871వ సంవత్సరము ఆగష్టు నెలలో ఆల్ఫాన్సు పెనో అను ఫ్రెంచి యువకుడు, పారిసు నగరమందలి తువిలరీ ఉద్యానవనమున, మెలిపెట్టిన రబ్బరు బలముచే తిరుగు పంకగల యొక చిన్న విమానమును 11 సెకండ్లపాటు ఎగురవేసి విద్వాంసులకు చూపెను. 1878లో అమెరికాయందు మిల్టన్ రైటు అను బిషప్పు, పెనో పద్ధతి ననుసరించి చేయబడిన యొక యెగురు బొమ్మను తన కుమారులకు తెచ్చి యిచ్చెను. వెదురు, బెండు, కాగితము, రబ్బరు – ఇవియే దాని సామగ్రి. అది విరిగిపోగా ఆ బాలురు తామే మరియొకటి చేసికొనిరి. ఆ బాలురే విల్బరు, ఆర్విల్ రైటు సోదరులు. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన మనుష్యుని మోయు విమానమును వారు ఎగురవేసినప్పుడు, అంతవరకు తమ ప్రయోగములన్నిటికిని వారికైన వ్యయము వేయి డాలర్లకు మించలేదని చెప్పుదురు. యుద్ధశాఖవా రిచ్చిన 50,000 డాలర్లతో ప్రొఫెసరు లాంగ్లీ నిర్మించిన యంత్రమో, దానికి 9 దినములు ముందుగనే పొటోమాకు నదిలో కూలెను. ఈ విద్యయందు ధనమునకు స్థానము కలదు గాని, అగ్రస్థానము లేదని దీనివలన తెలియుచున్నది.

చిన్న విమానమును రేడియోతో నడుపుట తరువాతి కాలపు పని. అమెరికాయందలి కలమజూ నగరమున వాల్టరు గుడ్, విలియము గుడ్ అను కవల సోదరులు 1937లో ‘గఫ్’ అను పేరుగల విమానమును రేడియోతో ఎగురవేసి కృతార్థులైరి. దాని రెక్కల విస్తారము 8 అడుగులు. ఆ కాలమున రేడియో యంత్రమును ఎవరికి వారే కట్టుకొనవలసి యుండెను. పిమ్మట యంత్రములు అంగళ్లకు వచ్చెను గాని, ఒకే మైదానమున ఇద్దరు ఒకే తరంగసంఖ్యపై మీటలు కదలించినచో విమానములు కూలుచుండెను. ఇప్పటి రేడియోలు 2.4 గిగాహెర్ట్‌జు తరంగములపై పనిచేయుచు, ఏ యంత్రపు టాజ్ఞను ఆ విమానమే గ్రహించునట్లు ఏర్పాటు కలిగియున్నవి. పూర్వము ధనికుల సొత్తుగ నుండిన సాధనము దీనివలన సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినది.

ఇక పద్దులు చూతము. మన దేశమున నొక విద్యార్థి నురగపలకతో తానే విమానమును కోసి అతికించుకొనదలచెననుకొందము. ధరలు ఊరూర మారును గనుక ఈ క్రింది యంకెలను సుమారు లెక్కలుగ గ్రహింపవలయును. చేతియందు పట్టుకొను ట్రాన్స్‌మిటరును, విమానమందుంచు రిసీవరును కలిపి 5,000 రూపాయలు; విద్యుత్తుతో తిరుగు మోటారును, దాని వేగమును నియమించు సాధనమును కలిపి 1,200; చుక్కానిని, రెక్కల యంచులను కదల్చు సర్వోలు నాలుగు 500; లిథియం పాలిమరు బ్యాటరీ 2,000; దానిని నింపు ఛార్జరు 1,000; నురగపలక, జిగురు, తీగలు, ప్రొపెల్లర్లు 800. మొత్తము 10,500 రూపాయలు. ఇందు విచిత్రమేమన, కంటికి విమానముగ కనబడు భాగమునకైన వ్యయము మిగుల స్వల్పము. మిగిలిన ధనమంతయు దాని కడుపులోని సాధనములకును, నేలమీద మిగులు సాధనములకును పోయినది. ఆ సాధనములు చెడనంతవరకు ఒక విమానమునుండి తీసి మరియొకదానియందు అమర్చుకొనవచ్చును.

నడుపుటకగు వ్యయమును లెక్కించుటలో చాలమంది పొరపడుదురు. 11.1 వోల్టులు, 2.2 ఆంపియరు గంటలు గల బ్యాటరీయందు నిలుచు శక్తి ఇంచుమించు 24 వాటు గంటలు మాత్రమే. ఛార్జరులో వ్యర్థమగుదానిని గూడ కలుపుకొన్నను, ఒక యూనిట్టు విద్యుత్తుతో ముప్పది మారులకు పైగా దానిని నింపవచ్చును. యూనిట్టు 8 రూపాయలైనచో ఒక మారు ఎగురుటకు విద్యుత్తు వెల పావలా! ఇంత చవుక వినోదము వేరొకటి లేదని సంతసించుటకు ముందు బ్యాటరీ యరుగుదలను చూడవలయును. 2,000 రూపాయల బ్యాటరీ 200 మారులు నింపబడి పిదప నిరుపయోగమైనచో, ఒక్కొక మారునకు 10 రూపాయలు అరిగినట్లే. నీటికి వెల లేకున్నను కుండకు వెల కలదు గదా. పైగా ఆ కుండ సుకుమారమైనది. ఒక్కొక సెల్లు 4.2 వోల్టులకు మించి నిండరాదు, 3 వోల్టులకు దిగువకు పోరాదు, వాడనప్పుడు 3.8 వోల్టుల ప్రాంతమున నుంచవలయును. ఈ నియమములను మీరినచో బ్యాటరీ యుబ్బి 50 మారులకే చెడును. అప్పుడు ఒక్కొక మారునకు 40 రూపాయలగును. మరియు నది అగ్నిభయము గలది. ఛార్జి యగుచుండగా దానిని విడిచి పోరాదు, పడకగదిలో నుంచరాదు.

విదేశములయందు ఇంధనముతో నడచు చిన్న యింజనులు చిరకాలముగ వాడుకలో నున్నవి. మెథనాలు, నైట్రోమీథేను, ఆముదము గాని కృత్రిమ తైలము గాని కలిపి ఆ యింధనము చేయుదురు. మహబూబునగరు, నలగొండ ప్రాంతముల మెట్టచేలలో పండు గింజయొక్క తైలమే యింజనులోని రాపిడిని తగ్గించుటకు పనికివచ్చుచున్నది. అమెరికా గ్యాలనునకు 128 ఔన్సులు. విమానపు తొట్టికి 8 ఔన్సులు పట్టినచో గ్యాలనుతో 16 మారులు ఎగురవచ్చును. గ్యాలను వెల 30 డాలర్లనుకొన్నచో ఒక్కొక మారునకు 2 డాలర్లకు కొంచెము తక్కువ. విద్యుత్తు విమానములు పాతవానిని వెనుకకు నెట్టుటకు ఈ వ్యయమును ఒక కారణము. ఈక్వడారు దేశమునుండి వచ్చు తేలికయైన బాల్సా కఱ్ఱ కూడ 2020వ సంవత్సరమున మిక్కిలి ప్రియమయ్యెను. గాలిమరలచే విద్యుత్తును పుట్టించు పెద్ద యంత్రముల రెక్కలకు ఆ కఱ్ఱను విశేషముగ కొనుటయే దీనికి హేతువు.

అన్నిటికంటె పెద్ద పద్దు విరుగుడు పద్దు. క్రొత్తవాడు విమానమును కూల్చుటకు ముఖ్యకారణములు రెండు. విమానము తననుండి దూరముగ పోవునప్పుడు కుడిమీట కుడికే త్రిప్పును. తనవైపు వచ్చునప్పుడు అదే మీట చూపరికి ఎడమకు త్రిప్పినట్లు తోచును. ఆ క్షణమున కలుగు తబ్బిబ్బు మొదటి కారణము. వేగము తగ్గియుండగా ముక్కును పైకెత్తుటచే రెక్కలు గాలిపట్టు కోలుపోవుట రెండవది. ఈ రెంటికిని మందు ధనము గాదు, అభ్యాసము. కంప్యూటరుపై సిమ్యులేటరుతో కూల్చిన విమానమునకు కాణి యైనను నష్టము లేదు. గురువు ట్రాన్స్‌మిటరును శిష్యుని ట్రాన్స్‌మిటరుతో జోడించి, ప్రమాదము వచ్చినప్పుడు గురువే మీటలు అందుకొను పద్ధతియు కలదు. రెక్కలు దేహమునకు పైభాగమున నుండి, కొనలు కొంచెము పైకి వంగిన విమానము తనంతట తాను నిలద్రొక్కుకొనును గనుక క్రొత్తవారికి అదియే తగినది. యుద్ధవిమానపు టాకృతిని చూచి మోహపడి మొదటనే దానిని కొన్నవాడు మొదటి దినముననే దాని ముక్కలను ఏరుకొనును.

ఇప్పుడొక సంవత్సరపు లెక్క కట్టుదము. మన విద్యార్థి 100 మారులు ఎగురవేసెననుకొందము. విద్యుత్తునకు 25 రూపాయలు, బ్యాటరీ యరుగుదలకు 1,000, మిగిలిన 8,500 రూపాయల సామగ్రి ఐదేండ్లు మన్నినచో సంవత్సరమునకు 1,700, విరుగుళ్లకు 3,000. మొత్తము 5,725 రూపాయలు. అనగా మారునకు 57 రూపాయల పైచిలుకు. అతడే మొదట సిమ్యులేటరుపై నేర్చి, గురువుచెంత నిలిచి, విరుగుళ్లను 1,000 రూపాయలకు తగ్గించుకొన్నచో మారునకు 37 రూపాయలే. తొందరపాటునకు పన్ను ఇరువది రూపాయలన్నమాట.

ఈ వినోదమునకు పైమెట్టు లేదు. కిరసనాయిలు జాతి ఇంధనముతో తిరుగు చిన్న టర్బైను యింజను ఒక్కదానికే కొన్ని వేల డాలర్లు పెట్టుదురు; పూర్తిగ సిద్ధమగు జెట్టు విమానము 10,000 డాలర్లను దాటుట వింత గాదు. అట్టిది నడుపుటకు అమెరికాలో 1936లో స్థాపింపబడిన అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్సు అను సంఘమువారు ప్రత్యేకానుమతిని కోరుదురు. ఆ సంఘపు చందాతో పాటు, విమానము ఇతరులకు హాని చేసినచో నష్టమీయుటకు బీమాయు లభించును. ఆ దేశ ప్రభుత్వమువారు 250 గ్రాములకు మించిన విమానములు గల వినోదకారునియొద్ద మూడేండ్లకు 5 డాలర్ల నమోదు రుసుమును పుచ్చుకొందురు. విమానము చిన్నదైనను దాని ప్రొపెల్లరు వ్రేలిని తెగగోయగలదు. కావున పరుల క్షేమమునకై పెట్టు వ్యయమును దండుగ యనరాదు.

మన దేశమున 2021వ సంవత్సరపు డ్రోను నిబంధనలలో, విద్యకును వినోదమునకును ఉపయోగపడుచు, 25 కిలోగ్రాములకు మించక, నడుపువాని కంటికి కనబడునంత దూరముననే తిరుగు నమూనా విమానములకు కొన్ని సడలింపులు చేయబడినవి. ఆకాశము ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగ విభజింపబడినది. ఆకుపచ్చ మండలమున 400 అడుగుల ఎత్తువరకును, విమానాశ్రయపు సరిహద్దునకు 8 మొదలు 12 కిలోమీటర్ల నడుమ 200 అడుగుల వరకును ఎగురవేయుటకు ఆ నిబంధనలు వీలు కల్పించినవి. ఎరుపు మండలమున ప్రభుత్వానుమతి లేక ఎగురవేయుట నేరము. కావున పట్టణవాసి యగు బాలుడు విమానము కొనుటకు ముందు మైదానమును వెదకుకొనవలయును. ఊరివెలుపలి మైదానమునకు పోయివచ్చు బస్సు చార్జీలును ఈ పద్దులో చేరవలసినవే.

అల్పద్రవ్యముతో ఎంత ఘనకార్యము చేయవచ్చునో తెలుపుటకు ఒక్క నిదర్శనము చాలును. 2003వ సంవత్సరము ఆగష్టు నెలలో మేనార్డు హిల్ అను అమెరికా వృద్ధుడు నిర్మించిన చిన్న విమానము న్యూఫౌండ్‌లాండు తీరమున ఎగిరి, అట్లాంటికు మహాసముద్రమును దాటి, 38 గంటలకు పైగా పయనించి ఐర్లండున దిగెను. అప్పు డాయనకు 77 ఏండ్లు. కన్నులు దాదాపు కనబడవు, చెవులు సరిగ వినబడవు. విమానపు బరువు ఐదు కిలోగ్రాముల లోపు. 1,880 మైళ్లకు పైబడిన ఆ ప్రయాణమునకైన యింధనము ఒక గ్యాలనునకు మించలేదు. అంతకుముందు పంపిన విమానములు దరిచేరలేదు. ఇంధనము గ్యాలను మాత్రమే. ఓర్పునకు కొలత లేదు.

మనలో పెక్కండ్ర తలిదండ్రులకు 10,500 రూపాయలు అల్పద్రవ్యము గాదు. కొందరకది నెల యాదాయము. అట్టి యింట ఈ వస్తువునకై మారాము చేయుట తగదు. ఐనను వారికి దారి మూయబడలేదు. కాగితము, వెదురుపుల్లలు, రబ్బరు – పెనో వాడిన యీ సామగ్రి నేటికిని కొలది రూపాయలకే దొరకును. రెక్కల సమతూకము, గాలిపట్టు, చుక్కాని పని అను పాఠములన్నియు వానివలననే నేర్వవచ్చును. ఎన్.సి.సి. వైమానిక విభాగము గల పాఠశాలలయందు కెడెట్లకు నమూనా విమానములను గూర్చిన శిక్షణ కలదు. అది లేనిచోట పదునైదుగురు చేరి సంఘముగ నేర్పడినచో మొదటి వ్యయము తలకు 700 రూపాయలే యగును. ఒక ట్రాన్స్‌మిటరు పదునైదుగురకు చాలును. ఒకడు ఎగురవేయుచుండ నొకడు ఆకాశమును కనిపెట్టియుండును, వేరొకడు విరిగినదానిని అతుకుచుండును. ఒంటరివాడు ఏడాదిలో చేయు తప్పులను సంఘమువారు ఒకరినొకరు చూచి నెలలో మానుకొందురు.

ఇట్టి సంఘము పెట్టగోరువారు మొదట కొనవలసినది మోటారు గాదు, ఒక పద్దుపుస్తకము. ప్రతి యెగురుటయు, ప్రతి విరుగుడును, దాని కారణమును అందు వ్రాయుడు. సంవత్సరాంతమున ఆ పుస్తకమును తెరచినప్పుడు ధనమెంత పోయెనో తెలియును; దానికి ప్రతిగా విద్య యెంత వచ్చెనో దాని ప్రక్కనే కనబడును.