ట్యాబ్ మూసేశారు సరే... లాగౌట్ అయ్యారా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే కడపలో నెట్ సెంటర్ల దగ్గర పిల్లలు, వాళ్ల నాయనలు వరుస కడతారు. లాగిన్ ఐడీ కొట్టి, పాస్‌వర్డ్ పెట్టి, కాలేజీల ఆప్షన్లు ఇచ్చి, ప్రింటు తీసుకుని బయటపడతారు. మధ్యలో స్క్రీన్ మీద ఒక చిన్న డబ్బా వచ్చి పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడుగుతుంది. తొందరలో ఎవరో ‘సేవ్’ నొక్కేస్తారు. అంతే! తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు అదే సైట్ తెరిస్తే ఐడీ, పాస్‌వర్డ్ బ్రౌజరే నింపి పెడుతుంది. ఎవరైనా ఆప్షన్లు మార్చేస్తే దెబ్బ నాలుగేళ్ల చదువు మీద పడుతుంది.

ఉద్యోగంలో చేరాక కూడా ఇదే కథ. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలైనా, బెంగళూరులో మన సీమ పిల్లలు చేసే కంపెనీలైనా పనంతా బ్రౌజర్‌లోనే. ‘ఏముందిలేబ్బా, ఒక్క మెయిలే కదా’ అని ఆఫీసు సిస్టమ్‌లో సొంత జీమెయిల్‌తో క్రోమ్‌లో సైన్ ఇన్ అవుతాం. అక్కడే అసలు చిక్కు.

రెండు వైపులా కారే కుండ

సింక్ ఆన్‌లో ఉంటే మీ ఇంటి బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, హిస్టరీ ఆఫీసు మెషీన్‌లోకి వస్తాయి. ఆఫీసులో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు మీ సొంత అకౌంట్‌లోకి పోతాయి. ‘పోతే ఏం?’ అంటారా? 2023లో ఆక్టాకు ఏమైందో చూడండి. వేరే కంపెనీల లాగిన్‌లకు కాపలా కాయడమే ఈ అమెరికా సంస్థ పని. అక్కడి ఉద్యోగి ఒకరు ఆఫీసు ల్యాప్‌టాప్ క్రోమ్‌లో సొంత గూగుల్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యారు. కంపెనీ సర్వీస్ అకౌంట్ వివరాలు ఆ అకౌంట్‌లో సేవ్ అయ్యాయి. దొంగల చేతికి అవి అక్కడి నుంచే చిక్కి ఉంటాయని కంపెనీ చెప్పింది. 134 కస్టమర్ సంస్థల ఫైళ్లు వాళ్ల కంట పడ్డాయి. ఆ తర్వాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లలోని క్రోమ్‌లో సొంత అకౌంట్లు వాడకుండా ఆక్టా కట్టడి పెట్టింది.

ఇన్‌కాగ్నిటో ముసుగు కాదు

ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఎవరికీ తెలియదనుకునేవాళ్లు చాలామంది. అది ఆ మెషీన్‌లో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూస్తుంది. అంతవరకే. ఏ సైట్‌కు వెళ్లారో ఆఫీసు నెట్‌వర్క్‌కు తెలిసే అవకాశం ఉంటుంది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఫోల్డర్‌లోనే ఉంటుంది.

క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి కిందికి చూడండి. ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అని కనిపిస్తే ఆ బ్రౌజర్‌కు పగ్గాలు ఆఫీసు చేతిలో ఉన్నట్టే. ఏ ఎక్స్‌టెన్షన్ ఉండాలో, ఏ సైట్ తెరుచుకోకూడదో వాళ్లే నిర్ణయించవచ్చు. అదే మాట మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో కనిపిస్తే? యాంటీవైరస్ వల్ల కావచ్చు, తెలియక వేసుకున్న పాడు సాఫ్ట్‌వేర్ వల్లా కావచ్చు. ఒకసారి చెక్ చేయించండి.

ఇవి చేయండి చాలు

* నెట్ సెంటర్‌లో క్రోమ్ ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘గెస్ట్’ విండో తెరవండి. పని అయ్యాక లాగౌట్ అయి, విండోలన్నీ మూసేయండి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్, మార్కుల మెమోలు మీరే డిలీట్ చేయాలి.
* సొంత ల్యాప్‌టాప్‌లోనే ఆఫీసు పని చేస్తుంటే రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి, రెండు రంగుల్లో. ఏది ఆఫీసుదో చూడగానే తెలుస్తుంది.
* ఆఫీసు సిస్టమ్‌లో సొంత పాస్‌వర్డ్‌లు సేవ్ చేయొద్దు. సొంత మెయిల్ ఫోన్‌లోనే చూసుకోండి.
* ఉద్యోగం మానేటప్పుడు గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో ‘యువర్ డివైసెస్’ తెరిచి పాత మెషీన్లను సైన్ అవుట్ చేయండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ కూడా చూడండి.
* డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఇంటి నుంచి బయటికొస్తే తాళం వేసి, ఒకసారి లాగి చూసి మరీ వెళ్తాం. లాగౌట్‌కు పట్టే టైమ్ అంతకన్నా తక్కువే!