ముందు చక్రానికి ఎంత, వెనుక చక్రానికి ఎంత?

సరిహద్దు గ్రామాలలో మోటారు సైకిలు ఒక్క మనిషి వాహనం కాదు. తెల్లవారగానే పాల క్యానుతో బయలుదేరిన బండే తొమ్మిది గంటలకు బిడ్డను బడి దగ్గర దించుతుంది. సంత రోజున వేరుసెనగ మూటను మోస్తుంది. పెళ్ళిళ్ళ కాలంలో భార్యాభర్తలను రాష్ట్రం దాటించి బంధువుల ఊరికి చేరుస్తుంది. బరువు ఇలా పూటపూటకూ మారుతున్నా, చక్రాలలోని గాలి మాత్రం ఎప్పుడో పంక్చరు వేయించిన నాడు కొట్టించినదే. ఆయిలు మార్పించడంలో చూపే శ్రద్ధ గాలి విషయంలో చాలా ఇళ్ళలో కనిపించదు.

బండి బరువును రబ్బరు మోస్తుందని అనుకోవడం సహజం. నిజానికి మోసేది లోపల ఒత్తిడితో బిగిసి ఉన్న గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి వంటిది. జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు బెల్‌ఫాస్టులో తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం రూపొందించిన గాలి టైరుకు 1888లో పేటెంటు పొందిన నాటి నుంచి నేటి వరకు ఈ సూత్రం మారలేదు. నేలను తాకే భాగం ఒక్కొక్క చక్రానికి అరచేతి కంటె చిన్నది. బ్రేకు పట్టాలన్నా, మలుపు తిరగాలన్నా, వానలో జారకుండా నిలవాలన్నా ఆ కాస్త స్థలమే ఆధారం.

ఎంత గాలి ఉండాలో బండిని తయారు చేసిన సంస్థ నిర్ణయిస్తుంది. ఆ అంకెలు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి; చాలా బండ్లకు గొలుసు కవరు మీదనో, ఆ దగ్గరలోనో అంటించిన స్టిక్కరు మీద కూడా ఉంటాయి. టైరు పక్కభాగంలో అచ్చు వేసి కనిపించే అంకె ఇది కాదు. అది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి మాత్రమే. పల్లెలలో ఎక్కువగా తిరిగే 100 సి.సి. బండ్లలో ముందు చక్రానికి సుమారు 25 పి.ఎస్.ఐ., ఒక్కరే నడిపేటప్పుడు వెనుక చక్రానికి సుమారు 28 పి.ఎస్.ఐ. ఉండడం పరిపాటి. వెనుక మరొకరు కూర్చుంటే వెనుక చక్రం అంకె పెరుగుతుంది. కొన్ని బండ్లకు 40 వరకు చెప్పబడింది. పుస్తకంలో కిలోల లెక్క ఉంటే, ఒక కిలోకు 14.2 పి.ఎస్.ఐ. చొప్పున మార్చుకోవచ్చు. గాలి పెంచినంత మాత్రాన ముగ్గురు ఎక్కవచ్చని కాదు. నడిపేవారు గాక మరొక్కరికే 1988 నాటి మోటారు వాహనాల చట్టం అనుమతిస్తుంది.

పెట్రోలు బంకులో గాలి పట్టే కుర్రవాడు అడిగేది ఒకే మాట: ఎంత? కన్నడ సీమలో గాలిని గాలి అనే అంటారు, తమిళ సీమలో కాత్తు అంటారు, మరాఠీవారు హవా అంటారు. భాష ఏదైనా అంకె మనకు తెలిసి ఉండాలి. తెలియక ఊరకుంటే రెండు చక్రాలకూ ఒకే లెక్కన కొట్టి పంపడం తరచు జరిగే పని. బంకులలో గాలి ఉచితంగా ఇవ్వవలసినదే గనుక అడగడానికి మొగమాటపడవలసిన అవసరం లేదు. డబ్బు పెట్టి నైట్రోజను నింపించుకొమ్మని కొన్ని చోట్ల చెబుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజను ఉంది. ఊరి బండికి ఆ ఖర్చు అనవసరం.

గాలిని చల్లని టైరులోనే కొలవాలి; అంటే బండి కదలకముందు, లేదా ఆగి మూడు గంటలు గడిచాక. ఇందుకు కారణం ఉన్నది. వేడి పది సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగుతుంది. రాయచూరు ప్రాంతంలో మే నెల ఎండకు కాలిన తారు రోడ్డు మీద గంటసేపు నడిచిన టైరులో ఉదయపు 28 కాస్తా 32 దాకా చూపవచ్చు. అది చూసి గాలి తీసేస్తే మరునాటి ఉదయానికి 24కు దిగుతుంది. వేడి టైరులో పెరిగిన గాలిని తీయకూడదు. హోసూరు వంటి ఎత్తయిన ప్రాంతాలలో చలికాలం రాగానే మరొకసారి కొలవడం మంచిది, ఎందుకంటే చలికి ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది.

ఎక్కువ గాలి కంటె తక్కువ గాలే ప్రమాదకరం. గాలి చాలని టైరు తిరిగిన ప్రతిసారీ నలిగి లోలోపల వేడెక్కుతుంది. గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య చిక్కి చిరుగుతుంది. బరువుతో వెళుతూ గట్టిగా బ్రేకు పడితే టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరిగి, ట్యూబును తనతో లాగుతుంది. అప్పుడు వాల్వు మొదలు తెగి, గాలి ఒక్కసారిగా పోతుంది. వెనుక బిడ్డను ఎత్తుకొని కూర్చున్న తల్లి ఉన్నప్పుడు ఇది ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కరలేదు. రిమ్ము రంధ్రంలో వాల్వు నిటారుగా నిలవక పక్కకు వాలి ఉంటే టైరు జరుగుతున్నదని అర్థం. వెంటనే విప్పించి సరిచేయించాలి.

గాలి మితిమీరితే నేలను తాకే భాగం ఇంకా కుంచించుకుపోతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, ప్రతి రాయీ నడుముకు తగులుతుంది. పాత టైరు అరుగుదలే సాక్ష్యం చెబుతుంది: నడుమ అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ.

బొటనవేలితో నొక్కి చూడడం కొలత కాదు. 20కీ 28కీ తేడా వేలికి అందదు. తక్కువ ధరకు దొరికే చిన్న గేజి ఒకటి ఇంట్లో ఉంటే వీధిలోని నాలుగైదు బండ్లకు సరిపోతుంది. మోటారు సైకిలు వాల్వుకు పట్టే ముక్కు గల కాలిపంపు కూడా ఉంటే బంకు దూరమైన ఊళ్ళకు మరీ మేలు. చక్కని ట్యూబు నుంచి కూడా గాలి నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది కనుక వారానికి ఒకసారి చూడాలి. ట్యూబులెస్ టైరుకు ఈ అలవాటు మరింత అవసరం. అందులో మేకు దిగినా గాలి వెంటనే పోదు. చూపుకు టైరు బాగానే ఉన్నట్లుంటుంది. ప్రతి వారం మూడు నాలుగు పి.ఎస్.ఐ. తగ్గుతుంటే టైరంతా వెదకాలి. అక్కడ మేకు కనబడకపోతే వాల్వు మీద సబ్బునీటి చుక్క వేసి బుడగ వస్తుందేమో చూడాలి. బుడగ వస్తే లోపలి పిన్ను మార్పించాలి. వాల్వు మూత పోయి ఉంటే దానినీ అప్పుడే వేయించాలి, లేకుంటే దుమ్ము చేరి కొత్త పిన్ను కూడా కారడం మొదలుపెడుతుంది.